అమ్మ రొట్టె చేయడం మానేసిందా? ఓసారి ఆలోచించండి

దౌల్తాబాద్: బతుకుతెరువు కోసం ఊరు విడిచి పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో కలిసే వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన దౌల్తాబాద్, కొడంగల్ ప్రాంతాల నుంచి బొంబాయి, పూనా, హైదరాబాద్‌లకు కూలిపనులకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. కొడుకులు, కోడళ్లు వెళ్లిపోగా ఇంటికి కాపలాగా మిగిలేది ముసలి తల్లిదండ్రులే. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం వారికి ఏ చిక్కూ లేదు. ఆ సత్తువ ఎప్పుడు తగ్గిందో కన్నబిడ్డలకు తెలియకపోవడమే అసలు చిక్కు.

మండలంలోని ఒక గ్రామంలో డెబ్భై ఏళ్లు పైబడిన ఒక తల్లి ఒంటరిగా ఉంటున్నది. పెద్దకొడుకు పూనాలో, చిన్నకొడుకు హైదరాబాద్‌లో మేస్త్రీ పనులు చేస్తున్నారు. బిడ్డను కొడంగల్ దగ్గర ఇచ్చారు. ఎప్పుడు ఫోను చేసినా ఆమె చెప్పేది ఒక్కటే మాట. "నేను మంచిగనే ఉన్న కొడుకా, నా ఫికరు పెట్టుకోకు."

దసరాకు వచ్చిన చిన్నకోడలు జొన్నపిండి డబ్బా మూత తీస్తే పిండి నిండా పురుగులే. గిర్నిలో పట్టించి నెలలు గడిచాయి. పొద్దున లేస్తే రొట్టె లేనిదే గడవని మనిషి, చేతిలో పట్టు తప్పి, పొయ్యి ముందు కూర్చుంటే లేవలేక, అన్నంలో కారం కలుపుకొని కాలం గడుపుతున్నది. మందుల సంచి విప్పితే బీపీ మాత్రలు అట్టలకు అట్టలే మిగిలి ఉన్నాయి. షుగరు మాత్రలు మాత్రం గడువుకు ముందే అయిపోయాయి. చూపు మసకబారి ఒకటనుకొని మరొకటి వేసుకున్నది. రెండుసార్లు కళ్లు తిరిగి పడిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. "చెప్తే పని ఇడిచిపెట్టి వస్తరని చెప్పలే" అన్నదామె.

షుగరుకు వాడే కొన్ని మాత్రలు ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. దసరా రాకుంటే ఏమయ్యేదో!

చూడవలసినవి

ముసలివారు కష్టం చెప్పుకోరు. ఇల్లు మాత్రం దాచదు. పండుగకు వచ్చిన బిడ్డలు మొదట పొయ్యి చూడాలి. రోజూ వండుతున్నారా, రెండు రోజుల కూడు తింటున్నారా? ఒంటి మీది బట్టలు వదులయ్యాయా? మందులు లెక్క ప్రకారం తగ్గుతున్నాయా? లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా? చేతుల మీద, మోకాళ్ల మీద కమిలిన గుర్తులున్నాయా? పడతామన్న భయంతో స్నానం మానుకుంటున్నారా? పింఛను సొమ్ము ఎటు పోయిందో చెప్పలేకపోతున్నారా? అడిగిందే మళ్లీ అడగడం, పొయ్యి ఆర్పడం మరవడం, సొంత చేనుకు దారి తప్పడం కూడా తేలిగ్గా తీసుకోరాదు. ఏటా తాండూరు భద్రేశ్వర జాతరకు పోయే మనిషి వాకిలి దాటడం మానుకుంటే దానికీ కారణం ఉంటుంది.

వీటిలో ఒకటి కనిపించగానే కంగారు పడనక్కర లేదు. రెండు మూడు కలిసి నెల నెలా ముదురుతుంటే మాత్రం సాయం అవసరమైనదని గ్రహించాలి. నిన్నటి దాకా తెలివిగా ఉన్న మనిషి ఒక్కరోజులో పొంతన లేకుండా మాట్లాడితే అది ముసలితనం కాదు. జ్వరమో, మూత్రంలో చీమో, ఒంట్లో నీరు తగ్గడమో, షుగరు పడిపోవడమో కావచ్చు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా పక్షవాతమని అనుమానించాలి. ఆలస్యం చేయక 108కు ఫోను చేయాలి.

పని లాగేసుకోవద్దు

సాయమంటే ముసలివారిని మూలన కూర్చోబెట్టడం కాదు. చేయగలిగిన పని వారినే చేయనిచ్చి, చేయలేనిది మాత్రమే అందుకోవాలి. ముందు వారినే అడగాలి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రి వెలుతురు, గోడకు పట్టుకునే కడ్డీ, జారని నేల ఉంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఆశా కార్యకర్తకు చెప్పి ఉంచితే ఒక కంట కనిపెడుతుంది. శుక్లాలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషను చేస్తారు.

అన్నదమ్ములు నెలకొకరు చొప్పున వంతులు వేసుకొని తల్లిని ఊరూరా తిప్పడం కొన్ని ఇళ్లలో ఉన్నదే. మతిమరుపు ఉన్నవారికి చోటు మారిన కొద్దీ తికమక పెరుగుతుంది. ఉన్నచోటనే సాయం అందేట్టు చూసి, ఖర్చు పంచుకోవడం మేలు.

బిడ్డలు పట్టించుకోకుంటే 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో నాయకత్వంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించే అధికారం చట్టంలో ఉన్నది. కొడుకులతో పాటు కూతుళ్లకూ ఈ బాధ్యత ఉన్నది. భూమి రాసిచ్చే పెద్దలు తమను పోషించాలన్న షరతును పత్రంలో రాయించుకోవడం మంచిది. షరతు తప్పితే ఆ పత్రాన్ని రద్దు చేయమని కోరవచ్చు. వృద్ధుల సహాయ ఫోను నంబరు 14567.

ఆ తల్లి పూనాకు రానన్నది. కొడుకులు బలవంతపెట్టలేదు. ఇప్పుడు పక్కింటి కోడలు పొద్దున రెండు రొట్టెలు అందిస్తున్నది, జొన్నలు, కొంత సొమ్ము కొడుకులు ఇస్తున్నారు. బిడ్డ వారానికోసారి వచ్చి పూటపూటకు మాత్రలు వేరువేరు పొట్లాలు కట్టిపోతున్నది. ఒక కంటికి ఆపరేషను అయింది. రాత్రి మనుమడు వచ్చి పడుకుంటున్నాడు.

కొడుకులు ఫోనులో ఇప్పుడు "మంచిగున్నవా" అని అడగడం లేదు. "పొద్దున ఏం తిన్నవే అమ్మా" అని అడుగుతున్నారు.