పొలంలోని వెదర్ స్టేషన్ ఎన్ని నిమిషాలకోసారి సమాచారం పంపాలి?

ఈ మధ్య రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, కొందరు పండ్లతోటల రైతులు సొంతంగా చిన్న వెదర్ స్టేషన్లు పెట్టుకుంటున్నారు. కంపెనీ మనిషి వచ్చి స్తంభం బిగించి, ఫోన్‌లో యాప్ వేసి వెళతాడు. వర్షం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. అయితే ఆ యాప్ సెట్టింగుల్లో ఒక చిన్న అంకె ఉంటుంది. స్టేషన్ ఎన్ని నిమిషాలకోసారి సమాచారాన్ని నెట్‌లోకి పంపాలో చెప్పే అంకె అది. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడరు.

రెండేళ్ల కిందట ఖరీఫ్‌లో మా పరిధిలోని వేరుశనగ రైతుల సంఘం ఒకటి ఆ అంకెను 2 నిమిషాలకు పెట్టుకుంది. ఎప్పటికప్పుడు కనిపిస్తే మంచిదే కదా అని నేనూ అభ్యంతరం చెప్పలేదు. ఎండ ఉన్నన్నాళ్లు బాగానే నడిచింది. ముసురు పట్టాక అయిదో రోజు బ్యాటరీ దిగిపోయి స్టేషన్ ఆగింది. నాలుగు రాత్రుల లెక్క లేకుండా పోయింది. తిక్క ఆకుమచ్చ తెగులు వస్తుందా రాదా అని తేల్చేది ఆ రాత్రుల్లో ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందన్నదే. మేం పొలానికి వెళ్లి చూసేసరికి కింది ఆకుల మీద మచ్చలు వచ్చేశాయి. ముందుగా కొట్టాల్సిన మందు ఆలస్యంగా కొట్టారు. ఆ పొరపాటులో నా వంతూ ఉంది. మీకు అలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

రెండు వ్యవధులు వేరు వేరు

మొదటిది రికార్డు వ్యవధి. అంటే స్టేషన్ ఎన్ని నిమిషాలకోసారి కొలతను తన మెమరీలో రాసుకుంటుంది అన్నది. రెండోది అప్‌లోడ్ వ్యవధి. రాసుకున్న దాన్ని ఎన్ని నిమిషాలకోసారి నెట్‌లోకి పంపుతుంది అన్నది. రాసుకోవడానికి కరెంటు చాలా తక్కువ పడుతుంది. పంపడానికి మోడెం లేచి టవర్‌ను వెతుక్కోవాలి, అక్కడే బ్యాటరీ ఖర్చవుతుంది. అందువల్ల రికార్డు తరచుగా, అప్‌లోడ్ కాస్త ఆలస్యంగా పెట్టుకోవడం మేలు.

కొన్ని చౌక రకాల్లో ఈ రెండూ ఒకటే. పంపినప్పటి కొలత మాత్రమే మిగులుతుంది, మధ్యలోది పోతుంది. కొనేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

లెక్క వేసి చూద్దాం

ఒక్కసారి పంపడానికి మోడెం 30 సెకన్లు పనిచేస్తుందని అనుకుందాం. అప్పుడు 24 గంటల్లో:

- 2 నిమిషాలకోసారి: 720 సార్లు, మొత్తం 6 గంటలు
- 15 నిమిషాలకోసారి: 96 సార్లు, 48 నిమిషాలు
- 30 నిమిషాలకోసారి: 48 సార్లు, 24 నిమిషాలు
- 60 నిమిషాలకోసారి: 24 సార్లు, 12 నిమిషాలు

సిగ్నల్ సరిగా లేని చోట ఒక్కోసారికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. మబ్బు రోజుల్లో సోలార్ ప్లేటు నుంచి వచ్చేదే తక్కువ. తేడా ఎక్కడ వస్తుందో మీకే అర్థమవుతుంది. సిమ్ డేటా గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. ఒక్కసారికి 1 కేబీ చొప్పున రోజుకు 720 సార్లు పంపినా నెలకు 22 ఎంబీ లోపే. అయితే రీఛార్జి గడువు దాటితే మాత్రం స్టేషన్ మూగబోతుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

ఎవరికి ఎంత సరిపోతుంది?

సోలార్, సిమ్‌తో పొలంలో నడిచేవి: రికార్డు 10 నుంచి 15 నిమిషాలు, అప్‌లోడ్ 30 నిమిషాలు పెట్టుకోండి. ముసురు పట్టే సూచన ఉంటే ముందే అప్‌లోడ్‌ను 60 నిమిషాలకు మార్చండి, రికార్డును మాత్రం మార్చవద్దు. తెగులు ఒక గంటలో వచ్చి పడదు. గంట ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు, అసలు తెలియకపోతేనే నష్టం.

ఇంటి కరెంటు, వైఫైతో నడిచేవి: ఇంట్లో ఉండే పెట్టె కరెంటు మీద నడుస్తుంది కాబట్టి 5 నిమిషాలు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. ఈ రకాల్లో బయట ఉన్న పరికరం ఇంట్లోని పెట్టెకు తన లెక్క ప్రకారం కొన్ని సెకన్లకోసారి పంపుతూనే ఉంటుంది. అప్‌లోడ్ వ్యవధి పెంచినంత మాత్రాన బయటి బ్యాటరీ ఆదా కాదు. కరెంటు పోయినప్పుడు రౌటర్ కూడా ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

మందు కొట్టే రోజు: ఆ ఒక్క పూటకు 10 నిమిషాలకు మార్చుకోవచ్చు. గాలి గంటకు 15 కి.మీ. దాటితే పిచికారి ఆపండి. అయినా గాలి విషయంలో యాప్ కంటే చేలో నిలబడి చూసిందే నమ్మకం. పని అయ్యాక పాత అంకెకు తిప్పడం మరవద్దు.

మార్చే పద్ధతి

1. ముందు తెల్లవారుజామున, ఎండ రాకముందే యాప్‌లో బ్యాటరీ వోల్టేజి చూడండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆ సమయానికి 12 కంటే తగ్గుతుంటే వ్యవధి పెంచాల్సిందే. ప్లేటు మీద దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటే తడిగుడ్డతో తుడవండి. ప్లేటు దక్షిణం వైపు చూస్తూ ఉండాలి, నీడ పడకూడదు.

2. యాప్‌లో పరికరం సెట్టింగులు తెరిచి అప్‌లోడ్ ఇంటర్వెల్ దగ్గర కొత్త అంకె ఇచ్చి సేవ్ చేయండి. నిమిషాలా, సెకన్లా అని సరిచూసుకోండి. 30 నిమిషాలు అనుకుని 30 సెకన్లు పెడితే బ్యాటరీ రెండు రోజుల ముచ్చటే. ఈ సెట్టింగు మీకు కనిపించకపోతే కంపెనీ వాళ్లనే మార్చమనండి.

3. చాలా స్టేషన్లు కొత్త అంకెను తర్వాతి సారి నెట్‌కు కలిసినప్పుడే అందుకుంటాయి. వెంటనే మారలేదని పదే పదే నొక్కవద్దు.

4. మర్నాడు వరుసలు లెక్కపెట్టండి. అప్‌లోడ్ 30 నిమిషాలైతే రోజుకు 48 సార్లు పంపి ఉండాలి. బాగా తగ్గితే సిగ్నల్ లోపం అనుకోవాలి.

5. వైఫై స్టేషన్ అయితే రౌటర్‌ను రెండు గంటలు ఆపి మళ్లీ వేయండి. ఆ రెండు గంటల లెక్క తర్వాత వచ్చి చేరితే మెమరీ పనిచేస్తున్నట్టు. ఖాళీగా ఉండిపోతే నెట్ పోయినప్పుడల్లా లెక్క పోతున్నట్టే.

6. గడియారం భారత కాలమానంలో, అంటే జీఎంటీకి 5 గంటల 30 నిమిషాలు ముందు ఉండాలి. లేకపోతే యాప్‌లో రోజు మన ఉదయం 5.30కి మారి, రాత్రి కురిసిన వాన ముందురోజు లెక్కలో పడుతుంది. వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్కిస్తుంది. మీ లెక్కను దానితో పోల్చేటప్పుడు ఇది గమనించండి.

ఇవి కూడా తెలుసుకోండి

మీ స్టేషన్ జరిగింది చెబుతుంది, జరగబోయేది చెప్పదు. రాబోయే వాన కోసం మేఘదూత్ యాప్ చూడండి. అందులో మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా సలహాలు వస్తాయి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారాన్ని ప్రభుత్వం గుర్తించిన రిఫరెన్స్ స్టేషన్ల లెక్కను బట్టే నిర్ణయిస్తారు, మన సొంత స్టేషన్ లెక్కను బట్టి కాదు.

ఈ వారంలో ఒక్కసారి యాప్ తెరిచి ఆ అంకె ఎంతుందో చూడండి. ముసురు పట్టక ముందే సరిచేసుకోండి. అంకె ఎంత సరిచేసినా వారానికి రెండుసార్లయినా చేలోకి దిగి కింది ఆకులు తిప్పి చూడటం మాత్రం మానవద్దు.