గుడ్డు కూరలో కరివేపాకు ముందు, కొత్తిమీర చివర: ఎందుకు?

కోడిగుడ్డు రుచి చప్పన. కూరకు కమ్మదనం తెచ్చేవి ఆకులు, మసాలాలే.

వేరుశనగ నూనె కాగాక ముందుగా కరివేపాకు, పసుపు వేస్తే మేలు. కరివేపాకులోని సువాసన తైలాలు, పసుపులోని కర్కుమిన్ నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతాయి. ఆ నూనె వాటి వాసననూ రంగునూ కూరంతటికీ పట్టిస్తుంది.

కొత్తిమీర వాసన వేడికి త్వరగా ఆవిరైపోతుంది. అందుకే పొయ్యి ఆపాక తరిగి చల్లాలి.

గుడ్డు మరీ ఎక్కువ ఉడికితే తెల్లసొనలోని గంధకం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టి, వాసన చెడుతుంది. అల్లం, వెల్లుల్లి, మిరియాల ఘాటు దాన్ని కొంత కప్పేస్తుంది.

తాజా ఆకును ఎలా గుర్తించాలి? అది పచ్చగా నిగనిగలాడాలి, నలిపితే వాసన గుప్పుమనాలి. వాడినా, కాడలు జిగురుగా ఉన్నా ఆ కట్ట వద్దు.