దగ్గు మందే కదా అనుకోవద్దు! - ఆటలాడే పిల్లలున్న ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల్లో ఆటల మీద ఆశ పెట్టుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. కబడ్డీ, ఖో-ఖో, హాకీ, పరుగు పందేలు - ఏదైనా కావచ్చు. మండల స్థాయిలో గెలిచి జిల్లాకు, అక్కడినుండి రాష్ట్రానికి వెళ్తారు. ఆ సర్టిఫికెట్టుతో స్పోర్ట్స్ కోటాలో ఒక సీటో, ఉద్యోగమో వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. అలాంటి కుటుంబాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రోగికి మేలు చేసే మందు, పోటీలో దిగే క్రీడాకారుడికి నిషిద్ధ మందు కావచ్చు.

"డోపింగ్" అనగానే కండలు పెంచే సూదులే గుర్తుకొస్తాయి. కాని నిషిద్ధ మందుల జాబితాలో దగ్గు సిరప్పులు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, ఉబ్బసం మందులు కూడా ఉన్నాయి.

సిడ్నీలో ఏం జరిగింది?

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. తెలుగు వారంతా పండుగ చేసుకున్నారు. అవే పోటీల్లో బల్గేరియా దేశపు వెయిట్ లిఫ్టర్లు ముగ్గురు గెలిచిన పతకాలు పోగొట్టుకున్నారు. వారి మూత్రంలో దొరికింది ఫ్యూరోసెమైడ్. కాళ్ల వాపు, గుండె జబ్బు ఉన్నవారికి మేము రోజూ రాసే మందే అది. లాసిక్స్ అంటే మీలో చాలామందికి తెలుస్తుంది.

అక్కడే రుమేనియాకు చెందిన 16 ఏళ్ల జిమ్నాస్టు ఆండ్రియా రదుకాన్ బంగారు పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆమె చేసిందల్లా జట్టు డాక్టరు ఇచ్చిన జలుబు మాత్ర వేసుకోవడమే! అందులో సూడోఎఫిడ్రిన్ ఉంది. అప్పీలు చేసినా పతకం తిరిగి రాలేదు.

మన దేశంలోనూ ఇలాంటివి జరిగాయి. 2017లో క్రికెటర్ యూసుఫ్ పఠాన్ పరీక్షలో టెర్బుటలిన్ బయటపడింది. డాక్టరు రాసిన మందుకు బదులు పొరపాటున వేరే మందు ఇచ్చారని ఆయన వివరణ ఇచ్చారు. ఐదు నెలల నిషేధం పడింది. 2019లో యువ బ్యాట్స్‌మన్ పృథ్వీ షాకు అదే మందు వల్ల ఎనిమిది నెలల నిషేధం పడింది. దగ్గు సిరప్పుల్లో మామూలుగా ఉండే మందు తెలియక తీసుకున్నాడని క్రికెట్ బోర్డే ప్రకటించింది. అయినా శిక్ష తప్పలేదు.

తెలియక తీసుకున్నా ఎందుకు తప్పు?

ఫ్యూరోసెమైడ్ ఒంట్లోని నీటిని తీసేసి బరువును త్వరగా తగ్గిస్తుంది. మూత్రాన్ని పలుచన చేసి వేరే మందుల ఆనవాళ్లను దాచగలదు. టెర్బుటలిన్ ఊపిరి గొట్టాలను తెరుస్తుంది. మూత్ర పరీక్షలో మందు కనిపిస్తుంది గాని, దాన్ని ఎందుకు వేసుకున్నారో కనిపించదు. అందుకే ప్రపంచమంతటా ఒకే నియమం పెట్టారు. మందు ఎవరిచ్చినా, ఒంట్లో దొరికితే జవాబుదారీ క్రీడాకారుడే. తెలియక జరిగిందని రుజువు చేసుకుంటే శిక్ష తగ్గవచ్చు. కావాలని వాడితే మొదటిసారికే నాలుగేళ్ల వరకు నిషేధం ఉంటుంది. పదిహేడేళ్ల పిల్లకు నాలుగేళ్లంటే ఆట ముగిసినట్టే.

మన దేశంలో ఈ పరీక్షలు చేసే సంస్థ 'నాడా' 2005లో ఏర్పడింది. 2022లో దీనికోసం పార్లమెంటు చట్టం చేసింది. మైనరు పిల్లలైనా ఈ నియమాలు వర్తిస్తాయి.

ఏ మందులతో జాగ్రత్త?

1. దగ్గు సిరప్పు: టెర్బుటలిన్ ఉంటే ఎప్పుడూ నిషేధమే. సాల్బుటమాల్ సిరప్పు, మాత్రలు కూడా అంతే.

2. ఉబ్బసం ఇన్‌హేలరు: సాల్బుటమాల్ పీల్చుకోవచ్చు, కాని హద్దు ఉంది. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించరాదు. మామూలు ఇన్‌హేలరులో ఒక్కో పీల్పు 100 మైక్రోగ్రాములు.

3. స్టెరాయిడ్లు: ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటివి మాత్రగా గాని, సూదిగా గాని పోటీ సమయంలో నిషిద్ధం. చర్మానికి రాసే పూత మందుకు అడ్డులేదు.

4. గ్లూకోజు బాటిల్: "నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి" అని అడగడం మనకు అలవాటు. క్రీడాకారులకు 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించడం నిషిద్ధం. ఆసుపత్రిలో అవసరమైన చికిత్సలో భాగంగా ఇస్తే మాత్రం మినహాయింపు ఉంది.

5. నొప్పి మందు: ట్రమడాల్ 2024 జనవరి 1 నుండి పోటీల్లో నిషిద్ధం. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్‌లకు నిషేధం లేదు.

6. బలం సూదులు, జిమ్ములో అమ్మే పొడులు: నాండ్రోలోన్, స్టానోజొలాల్ వంటివి ఎప్పుడూ నిషిద్ధం. కాలేయం చెడుతుంది, ఎదిగే పిల్లల ఎత్తు ఆగిపోవచ్చు, ఆడపిల్లల గొంతు మారుతుంది, నెలసరి తప్పుతుంది. డబ్బా మీద రాయని మందు కూడా పొడిలో కలిసి ఉండవచ్చు.

అయితే జబ్బు చేస్తే మందు మానాలా?

మానకూడదు! చక్కెర జబ్బున్న పిల్లవాడికి ఇన్సులిన్ ప్రాణాధారం. అదీ నిషిద్ధ జాబితాలో ఉంది. ఇలాంటివారి కోసమే చికిత్స నిమిత్తం మినహాయింపు అనే పద్ధతి పెట్టారు. డాక్టరు రాసిన పత్రాలు, పరీక్షల రిపోర్టులతో పోటీకి కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ప్రాణాపాయంలో ముందు చికిత్స, తరువాత దరఖాస్తు. ఆట కోసం ఇన్సులిన్‌ను గాని, ఇన్‌హేలరును గాని ఒక్కరోజు కూడా ఆపవద్దు.

ఇంట్లో పాటించవలసినవి

- డాక్టరు దగ్గర కూర్చోగానే "మా పాప పోటీల్లో ఆడుతుంది" అని చెప్పండి. చీటీ రాశాక కాదు, రాయకముందే. ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్లినా ఇదే మాట.

- మందుల షాపులో "అది లేదు, ఇది కూడా అదే" అంటే తీసుకోవద్దు. మళ్లీ డాక్టరును అడగండి. పేరు ఒకేలా ఉన్న సిరప్పుల్లో లోపలి మందు వేరుగా ఉండవచ్చు.

- నాన్నగారి బి.పి. మాత్ర, అవ్వ కాళ్ల వాపు మాత్ర పిల్లలకు ఇవ్వకండి. బరువు తగ్గాలని పిల్లలే తీసి వేసుకోకుండా విడిగా పెట్టండి.

- వేసుకున్న ప్రతి మందు పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాయండి. చీటీలు దాచండి. శాంపిల్ తీసేటప్పుడు ఆ వివరాలు అడుగుతారు.

- జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. పోయిన ఏడు సరే అన్న మందును ఈ ఏడు మళ్లీ చూసుకోండి.

- కోచ్ ఇచ్చినా, స్నేహితుడు ఇచ్చినా, పేరు తెలియని మాత్ర మింగవద్దు.

మందు పేరు తెలియకపోతే ఖాళీ సీసానో, అట్టనో వెంట తీసుకురండి. అందులో ఏముందో మేము చదివి చెబుతాము. వేసుకోకముందు తెస్తేనే అది పిల్లలకు ఉపయోగం.