కారు అద్దం మొరాయిస్తే... విప్పే ముందు వినాలి

సంత ముగించుకుని ఇంటికి బయలుదేరిన వేళ వాన అందుకుంటుంది. దించిన కారు అద్దం ఎంత నొక్కినా పైకి రాదు. కిటికీకి గోనెపట్టా అడ్డుపెట్టుకుని, తడిసిన సరుకులతో కుటుంబమంతా ఊరు చేరవలసి వస్తుంది. పావగడ వైపు పల్లెలోనైనా, హోసూరు వైపు పల్లెలోనైనా పాత కారు కొనుక్కున్న ఇంటికి ఈ అవస్థ కొత్త కాదు. మరునాడు పట్టణానికి తీసుకువెళితే, తలుపు తెరిచి చూడకముందే "మొత్తం సెట్టు మార్చాలి" అన్న మాట వినబడవచ్చు. నిజానికి అద్దం ఆగిపోవడానికి గల కారణాలలో కొన్ని ఒక ఫ్యూజు ఖర్చుతో తీరిపోతాయి. మరికొన్నింటికి ఆ ఖర్చు కూడా ఉండదు. ఏ భాగం చెడిందో తేల్చుకోకుండా ఏ భాగమూ కొనరాదు. ఈ పనిలో మొదటి సూత్రం ఇదే.

తలుపు లోపల ఏముంది?

బావి గిలకను తలచుకుంటే ఈ యంత్రం సులభంగా అర్థమవుతుంది. చేద తాడు గిలక మీదుగా జారుతూ బొక్కెనను పైకి తెచ్చినట్లే, తలుపు లోపల సన్నని ఉక్కు తీగ చిన్న గిలకల మీదుగా కదులుతూ అద్దాన్ని ఎత్తుతుంది, దించుతుంది. ఈ అమరికకు రెగ్యులేటరు అని పేరు. కొన్ని కార్లలో తీగకు బదులు కత్తెర వలె ముడుచుకునే ఇనుప చేతులుంటాయి. తోడే మనిషి స్థానంలో 12 వోల్టుల మోటారు ఉంటుంది. స్విచ్ ఒక వైపు నొక్కితే విద్యుత్తు ఒక దిశలో, రెండవ వైపు నొక్కితే ఎదురు దిశలో ప్రవహిస్తుంది. మోటారు కూడా ఆ ప్రకారమే తిరుగుతుంది.

చెవి చెప్పే సంగతులు

తాళం చెవి తిప్పి, కారు లోపలి దీపం వెలిగించి, స్విచ్ నొక్కి శ్రద్ధగా గమనించాలి.

శబ్దం లేదు, దీపం కాంతీ మారలేదు: మోటారుకు విద్యుత్తు అందకపోతూ ఉండవచ్చు. లోపం ఫ్యూజులోనో, స్విచ్‌లోనో, వైరులోనో, మోటారులోనో ఉండవచ్చు.

అద్దం కదలలేదు గాని దీపం కొద్దిగా మసకబారింది: విద్యుత్తు చేరుతున్నది. మోటారు బిగుసుకున్నది, లేదా అద్దం ఇరుక్కున్నది.

మోటారు తిరిగే చప్పుడు వస్తున్నా అద్దం కదలడం లేదు: తీగ తెగింది, గిలక విరిగింది, లేదా అద్దం పట్టు నుంచి జారింది.

అద్దం నెమ్మదిగా నడిచి మధ్యలో ఆగుతున్నది: అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము పేరుకుని ఉండవచ్చు. తడిగుడ్డతో గాడిని శుభ్రం చేసి, ఆరిన తరువాత సిలికాన్ స్ప్రే కొట్టాలి. ఇంజను ఆయిలు పూస్తే రబ్బరు ఉబ్బి మరింత పాడవుతుంది.

ఊరికే పదేపదే నొక్కడం మంచిది కాదు. చాలా మోటార్లు వేడెక్కితే తమంతట తామే ఆగిపోతాయి. కొన్ని నిమిషాలు చల్లారనిస్తే తిరిగి నడుస్తాయి.

తలుపు విప్పనవసరం లేని పనులు

అద్దాలన్నీ ఒకేసారి ఆగిపోతే ముందుగా ఫ్యూజు చూడాలి. కారుతో వచ్చిన పుస్తకంలో దాని స్థానం ఉంటుంది. 20 ఆంపియర్ల ఫ్యూజు పసుపు రంగులో, 30 ఆంపియర్లది ఆకుపచ్చ రంగులో ఉంటాయి. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది పెట్టాలి. రాగి తీగ చుట్టడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం పెట్టడం ప్రాణాంతకం. ఫ్యూజు కాలవలసిన చోట వైర్లు కాలి కారే అంటుకోవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే కాలిపోతే ఎక్కడో వైరు ఒరుసుకుపోయిందని గ్రహించాలి.

డ్రైవరు నొక్కితే దిగే అద్దం, దాని పక్కనున్న స్విచ్‌కు దిగకపోతే ముందు డ్రైవరు వైపున్న లాక్ బటన్ చూడాలి. ఎవరో నొక్కి మరిచిపోయి ఉండవచ్చు.

ఒక్క తలుపు అద్దమే ఆగితే, తలుపుకూ కారు శరీరానికీ మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని పరీక్షించాలి. తలుపు తీసిన ప్రతిసారీ అందులోని వైర్లు వంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ తెగుతాయి. స్విచ్ నొక్కిపట్టి తలుపును మెల్లగా ఆడించినప్పుడు అద్దం కదిలితే దోషం అక్కడే.

తలుపు విప్పవలసి వస్తే

తలుపు మీద గాని, సీటు పక్కన గాని ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్న కారైతే ఈ పని మెకానిక్కుకే వదలాలి. లేని కార్లలో ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. పిడి వెనుక, చేయి ఆనించే చోట స్క్రూలు దాగి ఉంటాయి. అవి తీశాక అట్టను అంచుల వెంట మెల్లగా లాగితే క్లిప్పులు ఊడివస్తాయి. వెనుకనున్న ప్లాస్టిక్ షీటును చింపరాదు. తలుపులోకి దిగే వాననీరు కారులోకి రాకుండా ఆపేది అదే.

చేయి లోపల పెట్టే ముందు అద్దాన్ని పైకెత్తి, వెడల్పాటి టేపుతో తలుపు చట్రానికి గట్టిగా అంటించాలి. జారిన అద్దం వేళ్లను నలిపేస్తుంది. తెగిన ఉక్కు తీగ సూది వలె గుచ్చుకుంటుంది గనుక చేతి తొడుగులు తప్పనిసరి. కత్తెర రకంలో బలమైన స్ప్రింగు ఉంటుంది. చేతులను కదలకుండా బిగించకుండా మోటారు విప్పితే అది ఒక్కసారిగా విదిలిస్తుంది.

తరువాత బ్యాటరీ తగిలించి, మోటారుకు వచ్చే రెండు వైర్ల కొసల మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి స్విచ్ నొక్కాలి. రెండు వైపులా నొక్కినప్పుడూ దీపం వెలిగితే మార్చవలసినది మోటారు. వెలగకపోతే స్విచ్ గాని, వైరు గాని. తీగ తెగినప్పుడు రెగ్యులేటరును పూర్తిగా మార్చడమే మేలు. అంగడిలో మాట తమిళమైనా, కన్నడమైనా ఈ భాగం పేరు రెగ్యులేటరే. పాతది చేత పట్టుకుని వెళితే భాష అడ్డు రాదు.

బిగించాక మరువరానిది

బాగుచేసిన అద్దం తన మార్గంలో ఏది అడ్డొచ్చినా ఆగుతుందన్న నమ్మకం పెట్టుకోరాదు. అడ్డు తగిలితే వెనక్కి తగ్గే ఏర్పాటు అన్ని కార్లలోనూ ఉండదు. ఉన్న కార్లలోనూ బ్యాటరీ తీసి పెట్టాక పుస్తకంలో చెప్పిన రీతిలో దానిని తిరిగి సరిచేయవలసి రావచ్చు. సీటు మీద మోకరిల్లి తల బయటపెట్టిన బిడ్డ మోకాలు స్విచ్ మీద పడితే, లేచే అద్దం మెడకు బిగుసుకుంటుంది. అందువల్ల మరమ్మతు వేళ పిల్లలను దూరంగా ఉంచాలి. ప్రయాణంలో లాక్ బటన్ నొక్కి ఉంచాలి. కారు దిగేటప్పుడు తాళం చెవిని వెంట తీసుకుపోవాలి. వాననీరు లోపలికి వస్తే గుడ్డతో తుడుచుకోవచ్చు. బిడ్డ మెడ మీదికి లేచిన అద్దాన్ని దించడానికి మాత్రం క్షణం వ్యవధి కూడా ఉండకపోవచ్చు.