త్రాసునకు ముందు వంటయిల్లు

2024 ఆగస్టు 7వ తేదీ ఉదయము, ప్యారిస్ ఒలింపిక్ క్రీడలలో 50 కిలోల తరగతి తుది కుస్తీకి ముందు వినేశ్ ఫోగాట్ త్రాసు ఎక్కినారు. రాత్రియంతయు శ్రమించి, తుదకు జుట్టు కత్తిరించుకొన్నను, 100 గ్రాములు అధికముగా తేలినది. పోటీనుండి ఆమెను తొలగించిరి.

కుస్తీ, బరువులెత్తుట, ముష్టియుద్ధము - వీనిలో బరువునుబట్టి తరగతు లుండును. మన శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కంచు పతకము పొందినది 69 కిలోల తరగతిలో. అట్టి సాధన చేయు బిడ్డ మీ యింట నున్నచో, ఈ నాలుగు మాటలు మీకొరకే.

నీరు మాని, ఉక్కలో చెమటోడ్చి ఒక్క రాత్రిలో దింపిన బరువులో క్రొవ్వు స్వల్పము. పోయినది చాలవరకు నీరే. 1997 నవంబరు, డిసెంబరు మాసములలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు ఇట్టి ప్రయత్నములోనే మరణించిరి. కనుక బరువు తగ్గించు పని పోటీకి నెలల ముందే, వంటయింట మొదలుకావలెను. వారమునకు అరకిలో చొప్పున తగ్గిన చాలును.

మొదట నూనె సంగతి. గ్రాము మాంసకృత్తులలో 4 కాలరీలుండగా, గ్రాము నూనెలో 9 కలవు. వేపుడులో చేయిజారిన ఒక్క పెద్దచెంచా నూనె సుమారు 120 కాలరీలు. మన యిండ్లలో నూనెను కంటితో కొలుచుటయే అలవాటు. సీసా వంచుట మాని చెంచాతో కొలిచినచో సగము పని అయినట్లే.

ఉదయమునకు పెసరట్టు మేలు. 60 గ్రాముల పెసలు రాత్రి నానవేసి, బియ్యము కలుపక, అల్లము, పచ్చిమిరప, జీలకఱ్ఱ, ఉప్పు చేర్చి రుబ్బవలెను. సగము కోసిన ఉల్లిగడ్డను నూనెలో అద్ది పెనము తుడిచిన చాలును. ఇందు సుమారు 14 గ్రాముల మాంసకృత్తులు లభించును. ఒక ఉడికించిన గ్రుడ్డు చేర్చినచో మరి 6 గ్రాములు. ఉప్మా పెసరట్టు మాకును ప్రీతియే; అది పోటీ ముగిసిన మరునాటికి ఉంచుకొందము.

అన్నము బొత్తిగా మాన్పుట మాకు సమ్మతము కాదు. సాధనకు బలము దానినుండియే వచ్చును. సాధనకు రెండు మూడు గంటల ముందు కొంత, తరువాత కొంత పెట్టి, రాత్రి మాత్రము అన్నము తగ్గించి, తోటకూర పప్పు, వెన్న తీసిన మజ్జిగ హెచ్చింపవచ్చును. మాంసాహారులు చేపల పులుసు వండుకొనవచ్చును. చేపను ముందుగా వేయింపవలసిన పని లేదు.

ఎదుగు పిల్లల విషయము వేరు. వైద్యుని అడుగక వారి తిండి తగ్గింపరాదు. బరువు పెరుగుచున్నచో పై తరగతిలో ఆడించుటకు శిక్షకునితో మాటలాడుడు.