మీటరు పక్కన దీపం వెలిగితే సరిపోదు
బయట బల్బు సంగతి వేరు: బండి యజమానులు గమనించాలి

పాతబస్తీ (హైదరాబాదు): మదన్నపేట, మీరాలం మండీలకు కూరగాయలు తెచ్చే ఆటో ట్రాలీలు, వ్యాన్లు తెల్లవారకముందే ఊళ్ళ నుంచి బయలుదేరుతాయి. కర్నూలు రోడ్డు వైపువి ఆరాంఘర్, బహదూర్‌పురా మీదుగా, శ్రీశైలం రోడ్డు వైపువి పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా వస్తాయి. వీధిదీపాలు లేనంత మేరా బండి దీపాలే దిక్కు. డ్రైవరు లోపల కూర్చుంటాడు, దీపాలు బయట ఉంటాయి. వాటి సంగతి అతనికి తెలిపేవి మీటరు దగ్గరి చిన్న దీపాలే. వాటి భాష తెలుసుకోవడం మంచిది. వాటిని గుడ్డిగా నమ్మడం మాత్రం ప్రమాదకరం.

రంగుల అర్థం

నీలం దీపం వెలిగితే హెడ్‌లైటు దూరపు వెలుగులో ఉన్నదని అర్థం. ఎదుటి బండి కనబడగానే డిప్ చేసి ఆ నీలం దీపాన్ని ఆర్పాలి. లేకపోతే ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కిందికి వాలిన గీతలున్న పచ్చ గుర్తు డిమ్ లైటుకు. పచ్చ బాణాలు మలుపు సంకేతానికి.

కొత్త కార్లలో మీటరు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ముందువైపు పగటి దీపాలూ వాటంతట అవే వెలుగుతాయి. ఇది చూసి లైట్లు వేశామనుకుని, వెనుక ఎర్రదీపం లేకుండానే వెళ్ళిపోయే వారున్నారు. పచ్చ గుర్తు వెలిగిందో లేదో చూసుకోవాలి.

పిల్లకాలువ లాంటిది

స్విచ్చు నుంచి హెడ్‌లైటుకు పోయే కరెంటులో ఒక పాయ మీటరు దీపానికి వస్తుంది. తూము ఎత్తితే నీరు రెండు పిల్లకాలువల్లోనూ పారుతుంది. మన కాలువలో నీరున్నంత మాత్రాన పక్క చేను తడిసిందని చెప్పలేం. అదే విధంగా హెడ్‌లైటు ఫిలమెంటు తెగినా, ఎర్తు వైరు తుప్పు పట్టినా, మీటరులో నీలం దీపం వెలుగుతూనే ఉంటుంది. స్విచ్చు పడింది, కరెంటు బయలుదేరింది అనే వరకే అది సాక్ష్యం. బల్బు పోయిన సంగతి విడిగా చెప్పే ఏర్పాటు కొన్ని కార్లలోనే ఉంది.

టిక్కు టిక్కు చప్పుడు

మలుపు దీపం సంగతి కొంత నయం. దానిని ఆర్పి వెలిగించేది ఫ్లాషర్ రిలే. పాత రకంలో కరెంటు వేడికి లోపలి రేకు వంగి తీగె విడిపోతుంది, చల్లారగానే మళ్ళీ కలుస్తుంది. 12 వోల్టుల బండిలో ముందొకటి, వెనుకొకటి 21 వాట్ల బల్బులుంటే మొత్తం సుమారు మూడున్నర ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఒక బల్బు మాడితే అది సగమవుతుంది. అప్పుడు పాత రేకు రిలే మెల్లగా కొట్టుకుంటుంది, లేదా ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ రిలే అయితే వేగంగా కొట్టుకుంటుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు మినుకుమనాలి. చప్పుడు మారితే ఆ వైపు బల్బులు చూడాలి.

పాత బల్బుల స్థానంలో ఎల్ఈడీలు పెట్టించినా ఇదే వేగం కనిపిస్తుంది. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడంతో బల్బు పోయిందని రిలే భ్రమపడుతుంది. దానికి తగిన రిలే వేయించాలి.

బయలుదేరే ముందు

బండిని గోడకు ఎదురుగా నిలిపి లైట్లు వేస్తే రెండు హెడ్‌లైట్ల వెలుగూ గోడ మీద పడాలి. ఒకరిని వెనుక నిలబెట్టి ఎర్రదీపం, బ్రేకు లైటు, రెండు వైపుల ఇండికేటర్లు చూపించుకోవాలి. బస్తాలు గాని, తాడు గాని, టార్పాలిన్ గాని వెనుక దీపాలకు అడ్డు రాకూడదు. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్లది వేయాలి. తీగ చుట్టి పెడితే వైరింగు కాలిపోవచ్చు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త మోటారు సైకిళ్ళ హెడ్‌లైటు ఇంజను నడిచినంతసేపూ వెలుగుతుంది. అయినా వాటి వెనుక దీపాన్ని దిగి చూసుకోవలసిందే.

దీనికంతా పట్టేది రెండు నిమిషాలు. వెనుక దీపం లేని ట్రాలీ చీకట్లో లారీ డ్రైవరుకు దగ్గరకు వచ్చే వరకు కనబడదు.