పాడికి వడదెబ్బ

వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. రేకుల కొట్టంలో గేదె నోరు తెరిచి రొప్పుతోంది. నాలుక బయటికొచ్చింది. చొంగ సాగి సాగి నేల మీద పడుతోంది. పొద్దున వేసిన వరిగడ్డి వేసినట్టే ఉంది. ఇల్లాలు బిందెడు నీళ్లు వీపు మీద గుమ్మరిస్తే కాసేపు చెవులు ఆడించింది, మళ్లీ అదే రొప్పు.

గేదెకు ఆవుకు పట్టినట్టు చెమట పట్టదు. ఆవుకున్న స్వేదగ్రంథుల్లో దానికి ఉండేవి ఆరో వంతే. పైగా నల్లతోలు, పల్చటి వెంట్రుకలు. నీళ్లలో దిగి బురద పూసుకుంటేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. ఒకప్పుడు ఎండెక్కగానే మందను చెరువులోకి తోలేవారు. ఇప్పుడు పూడికకూ ఆక్రమణలకూ పోగా మిగిలిన చెరువులు చాలాచోట్ల వేసవికి ఎండిపోతున్నాయి. నీళ్లున్నచోట చేపల పాటదారులు పశువుల్ని దిగనివ్వని ఊళ్లున్నాయి.

నష్టం ఎంతో పాలకేంద్రం దగ్గర తేలుతుంది. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి ఎండల్లో పశువు తనంతట తానే మేత తగ్గించుకుంటుంది. దాంతో పాలు తగ్గుతాయి. కారిపోయే చొంగతో పాటు కడుపులో పులుపును విరిచే లవణాలూ పోతాయి, వెన్న శాతం పడిపోతుంది. మన దగ్గర గేదె పాలకు ధర కట్టేది ఆ శాతాన్ని చూసే. అంటే పాలూ తక్కువే, లీటరుకు వచ్చే రేటూ తక్కువే. అసలు దెబ్బ ఆ తర్వాత తెలుస్తుంది. వేసవిలో గేదె ఎదకొచ్చినా అరవదు, పైకి కనిపించదు. దీన్నే మూగ ఎద అంటారు. అది గమనించకపోతే చూడి కట్టదు, ఈత వెనక్కి పోతుంది. ఒట్టిపోయిన గేదెను నెలల తరబడి మేపాలి. కిరాణా పద్దు, పిల్లల ఫీజు, పొదుపు సంఘం కిస్తీ మాత్రం ఆగవు. ఆ బెంగంతా ఎక్కువగా పడేది పాలు పితికే ఆడమనిషి మీదే. గడ్డిమోపు కోసం అదే ఎండలో నడిచేదీ ఆమే.

2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ లెక్క ప్రభుత్వం రాసుకుంది. బతికున్న గేదె ఇవ్వలేకపోయిన పాలకు, తప్పిన ఈతకు లెక్క రాసేవారు లేరు. పశువుల బీమా చూసేది ప్రధానంగా చావునే. ఇది అన్యాయమని గట్టిగా చెప్పాలి.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎండుగడ్డి పొద్దువాలాక వేయడం, రేకుల మీద తాటాకు పరిచి తడపడం, నీడలో ఎప్పుడూ చల్లటి నీళ్లు ఉంచడం. పశువు రొప్పుతూ కూలబడితే 1962కు ఫోన్ చేయాలి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. కానీ చెరువును ఏ ఇల్లాలూ ఒంటరిగా తవ్వుకోలేదు, అది ఊరి పని. పశువుల నీటి తొట్లు కట్టి వదిలేయకుండా వాటిలో రోజూ నీళ్లు పట్టించాలి. చేపల వేలం పాట పెట్టేనాడే పశువులు దిగే రేవు విడిచిపెట్టాలని షరతు రాయించాలి. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం మీరే పెట్టించండి, వేసవి రాకముందే.